మదనపల్లెలో ఒక అమెరికా గ్రంథకర్త



స్వానుభవములను కథలుగా వ్రాసి తన దేశపు పాఠకులకు వినిపించిన అమెరికా రచయిత యొకడు మన మదనపల్లెలో చిరకాలము నివసించి, మదనపల్లెలోనే కన్నుమూసెనన్న సంగతి మనలో పలువురెరుగరు. ఆయన పేరు జేకబ్ చేంబర్లేను. ఆయన జీవితమును గూర్చియు, ఆయన గ్రంథములను మనమెట్లు చదువవలయునో దానిని గూర్చియు నాలుగు మాటలు విన్నవించెదను.

ముందుగా ఆ సీమను స్మరింతము. పలమనేరునుండి మదనపల్లెకు పోవు బాటలో పుంగనూరు తగులును. దక్షిణమున, తెలుగు, తమిళము, కన్నడము మూడును కలిసి వినవచ్చు చోట కుప్పమున్నది. చేంబర్లేను కాలమున మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీనును, కుప్పము ముఖ్యస్థానముగా గల కంగుంది జమీనును ఉత్తరార్కాటు జిల్లాలోనివి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన పిమ్మటనే యీ మూడును ఒక్క జిల్లా క్రిందికి వచ్చినవి.

చేంబర్లేను 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. మతశాస్త్రముతోపాటు వైద్యమును కూడ అభ్యసించి, 1859 చివర ఓడయెక్కి, మరుసటి యేట చెన్నపట్టణము చేరెను. ఆయనను పంపినది అమెరికా రిఫార్ముడు సంఘమువారి ఆర్కాటు మిషను. తొలుత పలమనేరునను, పిదప మదనపల్లెయందును పనిచేసి, అచ్చట వైద్యశాల నెలకొల్పెను. తెలుగు బైబిలును సంస్కరించిన సంఘమునకు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షుడుగా నుండెను. 1908 మార్చి 2వ తేదీన మదనపల్లెలో మరణించెను. భారతదేశమునకు వచ్చిన నాటినుండి లెక్కించిన నలువది యెనిమిది సంవత్సరములు. నడుమ స్వదేశమునకు పోయి వచ్చినను, ఆయన జీవితములో మిక్కిలి భాగము తెలుగువారి నడుమనే గడచెను.

ఆయన గ్రంథములలో ముఖ్యమైనవి మూడు. 'ఇన్ ది టైగర్ జంగిల్' 1896లోను, 'ది కోబ్రాస్ డెన్' 1900లోను, 'ది కింగ్‌డమ్ ఇన్ ఇండియా' ఆయన మరణించిన 1908లోను వెలువడినవి. ఒకటి పులుల యడవి, రెండవది త్రాచుపాము పుట్ట! పేర్లను బట్టియే అమెరికాలోని పాఠకుని కుతూహలమెట్లు రేపదలచిరో తెలియుచున్నది.

1863లో ఆయన నైజాము రాజ్యము మీదుగా ఉత్తరమునకు దీర్ఘయాత్ర చేసెను. గోదావరి ప్రాంతమున వరదలు ముంచెత్తగా, పులులు తిరుగు అడవిలో రాత్రి గడుపవలసిన ఆపదనుండి, అనుకొనకుండ దొరకిన పడవ తమను కాపాడెనని వ్రాసినాడు. ఆ యాత్రలోనే ఒక పట్టణమున జనులు కోపించి, రాళ్లు చేతబట్టి తన్ను చుట్టుముట్టిరనియు, "ఒక కథ చెప్పెదను, విని పిమ్మట కొట్టుడు" అని తాను వేడుకొనగా వారు సమ్మతించిరనియు, క్రీస్తు మరణగాథ విని కన్నీరు కార్చి రాళ్లు విడిచిరనియు చెప్పినాడు.

ఈ ఘట్టమును నేను మరల మరల తలచుకొందును. నాడు ఆయన ప్రాణములను నిలిపినది కత్తి కాదు, తుపాకి కాదు, సర్కారు చీటి కాదు. తెలుగు మాటలో చెప్పిన కథ! చెప్పినవాని నేర్పు కొంత, విన్నవారి గుణము కొంత. చంపదలచిన శత్రువునైనను కథ ముగియుదాక చెప్పనిచ్చుట మన ప్రజల సంస్కారము. పురాణకాలక్షేపములతో పెరిగిన చెవులవి. గ్రంథకర్త దీనిని తన మతమహిమగా వ్రాసెను. నేను శ్రోతల మహిమగా కూడ చదువుచున్నాను. రెండు పఠనములకును చోటున్నది.

కాని ఆ పుస్తకము ఎవరికొరకు వ్రాయబడినది? దానికి ఆ పుస్తకమే సాక్ష్యము. మొండికేసిన బండిగుర్రమును చెవి మెలిపెట్టి కదలించిన వినోదకథ యొకటి అందులో నున్నది. దాని నీతి యేమనగా, చందాలిచ్చు క్రైస్తవులను ప్రతిమారును అట్లు మెలిపెట్టవలసిన అవసరముండరాదని! అనగా అమెరికా సంఘములనుండి ధనము రాబట్టుట ఆ రచనకు ఒక ప్రయోజనము. కావున పాములు, పులులు, రాళ్లు విసరు గుంపులు ముందునకు వచ్చుట సహజము. ఇది అసత్యమనను. సాక్షి యెవరి ముందర నిలిచి పలుకుచున్నాడో తెలిసికొనక సాక్ష్యమును తూచరాదని మాత్రమే నా మనవి.

మరి రాళ్లు విడిచినవారి సాక్ష్యమేది? వైద్యశాల ముంగిట కూర్చున్న పుంగనూరు రైతు ఆ దొరను గూర్చి ఇంటికి పోయి భార్యతో ఏమనెనో వ్రాసినవారెవరు? మనకు వ్రాయుట రాకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చి, కడప సీమను, హైదరాబాదును, త్రోవలోని సత్రములను, ధరలను, జనుల నడవడిని తెలుగున వ్రాసిరి. ఆ గ్రంథము 1838లోనే అచ్చయ్యెను. అంతకు ముందే మెకంజీ దొర కొరకు సేకరించిన కైఫీయతులలో గ్రామముల వృత్తాంతములు కూర్పబడినవి. చేంబర్లేను పుట్టకమునుపే మనకు త్రోవ యున్నది. దానిపై నడచినవారు తక్కువైరి.

కనుక పరదేశి మనలను గూర్చి వ్రాసెనని అలుగుట వలన ఫలము లేదు. పొగడెనని పొంగుట వలనను లేదు. ఆయన పుస్తకమును తెచ్చి చదువుడు. ప్రక్కన తెల్లకాగితముంచుకొని, మదనపల్లె, పుంగనూరు, కుప్పము పెద్దలు చెప్పు మాటలను పేరు, ఊరు, సంవత్సరముతో వ్రాసియుంచుడు. జమీనుల కాలమును గూర్చి తాతలు చెప్పగా విన్నవారు ఇంకను కొందరున్నారు. ఒక్క సాక్షి మాటతోనే తీర్పు చెప్పుట మనకు తగదు. రెండవ సాక్షిని పిలుచు భారము మనది.