కేంద్రక బహుళ శకలీకరణం

బాగా వేడెక్కిన పరమాణు కేంద్రకం దాదాపు ఒకేసారి అనేక శకలాలుగా విడిపోవడాన్ని కేంద్రక బహుళ శకలీకరణం అంటారు. కేంద్రకం రెండుగా చీలే విచ్ఛిత్తి వేరు, ఇది వేరు. కేంద్రక పదార్థంలోనూ ద్రవ–వాయు ప్రావస్థా మార్పు ఉంటుందనడానికి ఇదే ప్రధాన ఆధారం.

సిద్ధాంత నేపథ్యం: 1930లలో గామోవ్, వైజ్సాకర్, బోర్ కేంద్రకాన్ని ద్రవబిందువుగా భావించి దాని బంధనశక్తిని, ప్రవర్తనను వివరించారు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు మరీ దగ్గరైతే వికర్షించుకుంటాయి, కొద్ది దూరంలో ఆకర్షించుకుంటాయి. సాధారణ ద్రవాల అణువుల తీరూ ఇదే. కాబట్టి కేంద్రక పదార్థం కూడా మరగాలి. అనంతంగా పరచుకున్న కేంద్రక పదార్థానికి సందిగ్ధ ఉష్ణోగ్రత (ద్రవ, వాయు స్థితుల మధ్య తేడా చెరిగిపోయే ఉష్ణోగ్రత) 15–20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుందని లెక్కలు సూచించాయి. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు అంటే సుమారు 1,160 కోట్ల కెల్విన్లు.

ప్రక్రియ: వేడెక్కిన కేంద్రకం వ్యాకోచించి, దాని సాంద్రత సాధారణ స్థాయిలో మూడోవంతుకో అంతకన్నా తక్కువకో పడిపోతుంది. ఆ స్థితిలో ఏకరీతి పదార్థం నిలకడగా ఉండలేదు. సాంద్రతలోని చిన్న హెచ్చుతగ్గులే పెరిగి ముద్దలు కడతాయి. ధనావేశం గల ఆ ముద్దలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరమవుతాయి.

ప్రయోగాలు: 1982లో పర్డ్యూ–ఫెర్మీల్యాబ్ బృందం జీనాన్, క్రిప్టాన్ కేంద్రకాలను అధిక శక్తి ప్రోటాన్లతో ఢీకొట్టింది. శకలాల ద్రవ్యరాశి పెరిగేకొద్దీ వాటి సంఖ్య ఘాత నియమం ప్రకారం తగ్గింది. సందిగ్ధ స్థితి దగ్గర ద్రవబిందువుల పరిమాణాలకు భౌతిక శాస్త్రవేత్త మైకేల్ ఫిషర్ 1967లో చెప్పిన రూపం అదే. ఆ తర్వాత కోపెన్‌హాగన్, బెర్లిన్ బృందాలు శకలాల సంఖ్యనూ పరిమాణాలనూ అంచనా కట్టే సాంఖ్యక నమూనాలు రూపొందించాయి.

1995లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అలాడిన్ బృందం బంగారు కేంద్రకాలను ఢీకొట్టి, హీలియం, లిథియం ఐసోటోపుల నిష్పత్తులతో ఉష్ణోగ్రతను కొలిచింది. ఒక్కో న్యూక్లియాన్‌కు (ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) అందిన శక్తి 3 నుంచి 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు పెరిగినా, ఉష్ణోగ్రత సుమారు 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే నిలిచింది. మరిగే నీటి ఉష్ణోగ్రత పెరగకుండా గుప్తోష్ణం అడ్డుకున్నట్లే ఇదీ. ఫ్రాన్స్‌లోని కాన్‌లో ఇంద్ర శోధకం సమాన పరిమాణ శకలాల ఆనవాళ్లు చూపి, పై ప్రక్రియకు బలమిచ్చింది. 2002లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల కొలతల విశ్లేషణ బంగారు కేంద్రకానికి సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 6.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చింది.

పరిమితులు, ప్రాధాన్యం: బంగారు కేంద్రకంలో ఉన్నవి 197 న్యూక్లియాన్లే. పైగా ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ ఉంది. అందుకే మార్పు ఒక కచ్చితమైన బిందువు వద్ద కాక, ఒక వ్యాప్తిలో జరుగుతుంది, సందిగ్ధ ఉష్ణోగ్రతా తగ్గుతుంది. సూపర్‌నోవాలో కుప్పకూలే నక్షత్ర గర్భంలోనూ ఇలాంటి సాంద్రతలు, ఉష్ణోగ్రతలు ఉంటాయి. అక్కడ ఏ కేంద్రకాలు ఎంత మేర ఏర్పడతాయన్న దాన్ని బట్టి న్యూట్రినోల ప్రయాణం మారుతుంది. ఆ లెక్కలకు ప్రయోగశాలలో దొరికే శకలాలే కొలమానం.