గాజు అలంకార వస్తువుల సేకరణ

గాజు అలంకార వస్తువుల సేకరణ అంటే పూలకుండీలు, అత్తరు సీసాలు, పన్నీరు బుడ్లు, హుక్కా కుండలు, దీపాల గ్లోబులు, షాండ్లియర్లు మొదలైన వాటిని నిత్య వాడకానికి కాక, వాటి పనితనాన్నీ ప్రాచీనతనూ గౌరవించి, ఇంటికి శోభగా సమకూర్చుకొని భద్రపరచడం. నూరేళ్లు దాటినవాటిని పురావస్తువులుగా, అంతకంటే తక్కువ వయసుండి ఒక తరం అభిరుచిని పట్టి చూపేవాటిని వింటేజ్ వస్తువులుగా, నేటి కళాకారులూ కర్మాగారాలూ తయారుచేస్తున్నవాటిని సమకాలీన వస్తువులుగా సేకర్తలు పరిగణిస్తారు. ఈ వ్యాసం ప్రధానంగా తెలంగాణ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని విషయాన్ని వివరిస్తుంది.

తెలుగు నేలకు గాజు కొత్తది కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల కాలపు గాజు పూసలు దొరికాయి. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేటలో, కరిగిన గాజును సన్నని గొట్టంలా సాగదీసి ముక్కలుగా కోసి పూసలు చేసే ప్రాచీన పద్ధతి ఆధునిక కాలం దాకా నిలిచి, పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. అయితే ఇదంతా పూసల పని. గదిలో అమర్చుకొనే పెద్ద గాజు పాత్రలూ దీపాలూ మాత్రం ఎక్కువగా బయటి నుంచే, మొదట దొరల, నవాబుల ఇళ్లకు వచ్చాయి.

హైదరాబాద్‌లో ఆ సంపదను నేటికీ చూడవచ్చు. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లు, ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని ఆస్లర్ షాండ్లియర్లు నిజాం కాలపు అభిరుచికి నిదర్శనాలు. ఆస్లర్ అనేది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సంస్థ. 1851లో లండన్ మహాప్రదర్శనకు 27 అడుగుల గాజు ఫౌంటెన్‌ను తయారుచేసి పేరు పొందిన ఆ సంస్థ భారతీయ సంస్థానాధీశుల కోసం కలకత్తాలో దుకాణం కూడా నడిపింది. సేకరణను అధ్యయనం చేయదలచినవారికి వీటన్నిటికంటే ఉపయోగపడేది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్‌గా పేరొందిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) తన పూర్వుల సేకరణకు తన జీవితకాలమంతా చేర్చిన వస్తువులతో, 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఈ సంగ్రహాలయాన్ని 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించగా, 1968లో ఇది ఇప్పటి భవనానికి మారింది. వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ గాజుతో పాటు మొఘల్ కాలపు భారతీయ గాజు కూడా ఒకే చోట ఉండడం వల్ల, ఏ దేశపు పని ఎలా ఉంటుందో పక్కపక్కనే పోల్చి చూసే అవకాశం ఇక్కడ కలుగుతుంది. హుక్కా కుండల విషయంలో ఈ పోలిక మరీ ఫలవంతమవుతుంది: 17వ శతాబ్దపు కుండలు గుండ్రంగా ఉండి కింద ఆధారంగా చుట్టకుదురును కోరగా, 18వ శతాబ్దంలో అడుగు చదునుగా ఉన్న గంట ఆకారం వాడుకలోకి వచ్చింది.

సాధారణ కుటుంబాల సేకరణకు ఈ స్థాయి అవసరం లేదు. సిద్దిపేట జిల్లాలోని అక్కన్నపేట వంటి పల్లె ప్రాంతాల్లో కరెంటుకు ముందు కాలాన్ని వెలిగించిన గ్యాస్‌నూనె కందిలి చిమ్నీలు, ఎక్కబుడ్లు, 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంట్ పొందిన గోలీసోడా సీసాలు సేకరణకు పూర్తిగా అర్హమైనవే. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వచ్చిన రంగుల కార్నివాల్ గాజు, అంటే లోహ లవణాలు చల్లి పైన ఇంద్రధనుస్సు మెరుపు తెప్పించిన అచ్చు గాజు, విదేశీ సేకర్తలు కూడా వెతుకుతున్న వస్తువు. అడుగున జైన్ అనే అచ్చు ఉన్న పూలకుండీలు వాటిలో ప్రసిద్ధమైనవి. హైదరాబాద్‌లోని జుమ్మేరాత్ బజారులోనూ, ముర్గీ చౌక్ ప్రాంతంలోనూ పాత వస్తువులు అమ్మకానికి వస్తుంటాయి.

కొనేముందు వస్తువును తయారుచేసిన తీరు చూడాలి. ఎందుకంటే అమ్మేవారు చెప్పే వయసు కంటే గాజు మీది గుర్తులే నమ్మదగిన సాక్ష్యం. ఊదిన గాజును మూతి సరిచేసేటప్పుడు అడుగున ఇనుప కడ్డీ అంటించి పట్టుకొంటారు. దాన్ని విరిచినప్పుడు మిగిలే గరుకు మచ్చను పాంటిల్ గుర్తు అంటారు. అచ్చులో పోసినదానికి అతుకు గీతలు ఉంటాయి. సానపట్టి కోసిన నగిషీకి అంచులు చేతికి పదునుగా తగిలితే, అచ్చులో నొక్కినదానికి మొద్దుగా తగులుతాయి. 1674లో లండన్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ పేటెంట్ పొందిన సీసపు గాజు (సీసం ఆక్సైడ్ కలిపినది) బరువుగా ఉండి, గోటితో తడితే ఎక్కువసేపు మోగుతుంది. యురేనియం కలిపిన పసుపుపచ్చ గాజు అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. అడుగున నిజమైన వాడకంతో పడిన గీతలు అస్తవ్యస్తంగా ఉంటాయి; ఒకే దిశలో సమాంతరంగా ఉన్న గీతలు కృత్రిమంగా వేసినవని అనుమానించాలి. ఒక్క గుర్తును బట్టి కాక, వీటిలో రెండుమూడు కలిసినప్పుడే నిర్ధారణకు రావడం మంచిది. సమకాలీన గాజులో, 1962లో అమెరికాలోని టొలీడో నగరంలో హార్వీ లిటిల్టన్ నిర్వహించిన కార్యశాల తర్వాత, కర్మాగారం బయట ఒక్కొక్క కళాకారుడు స్వయంగా చేసే స్టూడియో గాజు ఒక ఉద్యమంగా విస్తరించింది. అటువంటి వస్తువులపై సాధారణంగా కళాకారుని సంతకం ఉంటుంది.

గాజును గోరువెచ్చని నీటితో, మెత్తని గుడ్డతో మాత్రమే కడగాలి. బంగారు పూత ఉన్నచోట రుద్దకూడదు, పాత్రలు కడిగే యంత్రంలో అసలే వేయకూడదు. క్షారం ఎక్కువగా, సున్నం తక్కువగా ఉన్న పాత గాజు తేమకు చెమర్చి, సన్నని పగుళ్లతో మసకబారుతుంది; అందువల్ల వర్షాకాలంలో అరలకు గాలి ఆడేలా చూడాలి. సీసపు గాజు పాత్రల్లో పానీయాలను నిలువ ఉంచకూడదు, సీసం అందులోకి దిగే ప్రమాదం ఉంది.

భారతదేశంలో 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉన్న పురావస్తువుల, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని కళాత్మక వస్తువులు పురావస్తువులు. వాటి ఎగుమతికి కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకూ మాత్రమే వీలుంది. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. కాబట్టి ఏ వస్తువు ఎవరి ఇంటి నుంచి, ఎప్పుడు, ఎంత ధరకు వచ్చిందో రసీదుతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం ప్రతి సేకర్త కర్తవ్యం. పాత ఇళ్లు కూల్చేటప్పుడు అటకల మీది గాజును చెత్తలో కలపకుండా, ముందుగా ఆ ఇంటి పెద్దలను అడిగి దాని చరిత్ర రాసుకోవాలి. ఆ వివరాలు లేని వస్తువు విలువ, అది ఎంత అందమైనదైనా, చాలా తగ్గిపోతుంది.