జిజురి శబ్దము: యోషిదా హిరోషి దారుముద్రాచిత్రములు

జపానుదేశపు చిత్రకారుఁడగు యోషిదా హిరోషి దారుముద్రాచిత్రముల యంచున "జిజురి" యను ముద్ర కానవచ్చును. "జి" యనఁగా స్వయముగా; "సురి" యనఁగా నద్దుట; సమాసమున నుత్తరపదాది సకారమునకు జకారము వచ్చినది. తాను స్వయముగా నద్దినది యని యర్థము. కాని యా చిత్రములలోఁ బెక్కింటి నద్దినవారు జీతమునకుఁ గుదిరిన ముద్రాకారులు. అట్లయిన నీ మాట యసత్యమా?

హిరోషి 1876లోఁ గ్యూషూ ద్వీపమందలి కురుమె పట్టణమున జనించెను. ఉయెదా వంశజుఁడగు నితనిని జిత్రలేఖనోపాధ్యాయుఁడగు యోషిదా కసాబురో దత్తు చేసికొనెను. 1899లో మిత్రుఁడు నకగావా హచిరోతోఁ గూడ నమెరికాకేఁగి డెట్రాయిటు నగరమునఁ దన చిత్రములను బ్రదర్శించి మంచి వెలకు విక్రయించెను. నలువదియేండ్లు దాటువఱకును తైలవర్ణములు, నీటిరంగులునే యతని వృత్తి.

దారుముద్రణమున నాఁడు నలుగురు పాలివారు. చిత్రకారుఁడు గీయును, తక్షకుఁడు చెక్కును, ముద్రాకారుఁడద్దును, ధనము పెట్టు ప్రకాశకుఁడందఱిని నడపును. 1920, 1921 సంవత్సరములలో వతనబె షోజబురో యను ప్రకాశకుఁడు హిరోషి చిత్రముల నేడింటిని వెలువరించెను. 1923 సెప్టెంబరు 1వ తేదిని తోక్యో ప్రాంతమున భూకంపము పుట్టి, వెంటనంటిన యగ్నిలో వతనబె యంగడియు నా పలకలును దగ్ధములయ్యెను. గీసిన పటము పోయినఁ బలకనుండి ప్రతులు తీయవచ్చును. పలకయే పోయిన నిఁక గతి లేదు.

పిమ్మట నమెరికాకుఁ బోయిన హిరోషి, యచ్చటివారు జపాను దారుచిత్రములను, నాసిరకపువానిని సైతము, ఆదరించుట చూచెను. 1925లో స్వదేశమునకు మరలి తానే ప్రకాశకుఁడై కర్మశాల నెలకొల్పెను. తక్షకులను, ముద్రాకారులను నియోగించి, వారి పని తానును నేర్చెను; 1928 నాటి "ప్రవాహము" పలకలలోఁ గొంత స్వహస్తముననే చెక్కెను.

ఈ యద్దకము తెలుగువారెఱిఁగిన బందరు అద్దకము వంటిది కాదు. బందరులోఁ గఱ్ఱయచ్చును రంగునఁ దడిపి బట్టపై నొత్తుదురు. జపానులోఁ జెర్రీచెట్టు పలకకు రంగు పూసి, తడి కాగితమును దానిపైఁ బఱచి, వెదురుపొర చుట్టిన "బరెన్" అను బిళ్లతో వెనుకనుండి రుద్దుదురు. హిరోషి చిత్రములకు ముప్పది మాఱులద్దుట సామాన్యము. 1937 నాటి నిక్కో యోమెయి ద్వారమునకు 96 మాఱులు. వెండ్రుకవాసి తప్పిన నంతయు వ్యర్థము.

1926లో వెలువడిన తెఱచాపపడవల చిత్రములు పరిశీలింపఁదగినవి. ప్రాతఃకాలము, పూర్వాహ్ణము, అపరాహ్ణము, మంచు, సాయంకాలము, రాత్రి యని యవి యాఱు, పలకలు మాత్రమవియే. గీఁతలో భేదము లేదు, చెక్కడమున లేదు. కావునఁ దెల్లవాఱుటయుఁ జీఁకటి పడుటయు నద్దకమందే జరిగెను. 1930-31లోఁ గుమారుఁడు తోషితోఁ గూడ హిందూదేశమునఁ దిరిగి వచ్చిన పిమ్మటఁ దాజమహలునకును నిట్లే వేర్వేఱు వేళలు కల్పించెను. నాఁటి హైదరాబాదు రాజ్యమందలి అజంతా, ఎల్లోరా గుహలను, దక్షిణమధుర కోవెలను గూడఁ జిత్రించెను.

పాణినీయమున స్వతంత్రుఁడు కర్త. వానిని బ్రేరేపించువాఁడును గర్తయే, హేతువను పేరును వానికిఁ గలదు. వంటవాఁడు వండును, యజమానుఁడు వండించును. ఇరువురకును గర్తృత్వము చెల్లును. ఏ రంగెంత యుండవలయునో, ఏ ప్రతి నిలువవలయునో నిర్ణయించినవాఁడు హిరోషి. కావున "జిజురి" యనుట యసత్యము కాదు. ప్రేరణార్థక ప్రత్యయము లోపించిన మాట. ఐనను స్వతంత్రకర్తలగు ముద్రాకారుల పేళ్లా యంచునఁ గానరాకుండుట లోపమే.

1950 ఏప్రిలులో హిరోషి మరణించెను. పలకలు కుటుంబమువారియొద్ద మిగిలెను. వానినుండి పిమ్మట నద్దిన ప్రతులలో రంగులు చక్కఁగనే యుండును. "జిజురి" ముద్ర మాత్రముండదు.