డోలక్ కాచిన మంట

కాస్త ఇటు జరుగు అమ్మలూ, పొగ నీ కళ్లలో పడుతోంది. మంట ముందు కూర్చుంటే నాకు మా ఆర్కెస్ట్రా రోజులే గుర్తొస్తాయే. స్టేజీ వెనక మాకు మంట ఉండాల్సిందే. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి నర్సాపురం రేవులో సామానంతా పంటు ఎక్కించి, సఖినేటిపల్లిలో దింపుకుని వెళ్లేవాళ్లం. సముద్రపు గాలికీ మంచుకీ డోలక్ తోలు మెత్తబడిపోయేది. మా డోలక్ అబ్బాయి రెండు పాటలకోసారి కిందికి దిగి, ఎండుగడ్డి రాజేసి, తోలు కాచి, వేలితో మీటి చూసుకుని మళ్లీ ఎక్కేవాడు.

పన్నెండుమందిమి. నాది హార్మోనియం. పాట ఎలా నేర్చుకునేవాళ్లమనుకున్నావు? టేప్‌రికార్డరు మా అందరిలో ఒక్కడికీ లేదు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు మన పాటలు వేసే వేళకి పనులు మానుకుని కూర్చునేవాళ్లం. అది చాలక సినిమాహాలు. నేలటిక్కెట్టు కొనుక్కుని అందరం ఒకే వరసలో. వేణువు అబ్బాయి వేణువే వినాలి, వయొలిన్ ఆయన వయొలినే. తెర వైపు చూడకూడదు. పాట అవగానే లేచొచ్చేసి, ఎవరి బిట్ వాళ్లు కూనిరాగం తీసుకుంటూ ఇళ్లదాకా నడిచేవాళ్లం. దారిలో పలకరింపుల్లేవు, మాట్లాడితే బిట్ పోతుందని భయం! మర్నాడు కలిపి వాయిస్తే ఎక్కడో అతుకు తెలిసేది. సాయంత్రం మళ్లీ హాలుకే.

బాలసుబ్రహ్మణ్యం గారూ మాలాగే ట్రూపు నడిపినవారేరా. ఆయన పక్కన గిటారు, హార్మోనియం పట్టిన కుర్రాడే తర్వాత ఇళయరాజా అయ్యాడు. ఆ సంగతి తెలిశాక మేము రిహార్సలు ఒక్కటీ మానలేదు.

1980లో శంకరాభరణం వచ్చింది. ఏ ఊరెళ్లినా అవే పాటలడిగేవారు. మా గాయకుడు సంగీతం మాస్టారి దగ్గర ఆర్నెల్లు కూర్చుని దిద్దుకున్నాకే వాటిని మైకులో పాడాడు. అంత భక్తి. ఆ తర్వాత బేస్ గిటారు కొన్నాం, ఇళయరాజా పాటకి అది లేకపోతే కాళ్లుండవు.

కీబోర్డు తెచ్చింది మాత్రం నేనే. వేణువు, వయొలిన్ అన్నీ అందులోనే. కమిటీవాళ్లిచ్చే డబ్బు పన్నెండుమందికి పంచితే బస్సుచార్జీలకే చాలని రోజులవి. ఒక్కొక్కరూ తగ్గిపోయారు. డోలక్ మోత పలికించే ఆక్టోప్యాడ్ వచ్చాక డోలక్ అబ్బాయికి నేనే చెప్పాల్సొచ్చింది. రాజమండ్రి దేవీచౌక్‌లో దసరా ప్రోగ్రాం అయిన తెల్లారి, గోదావరి గట్టున. వాడు తగువు పడలేదు. "అన్నయ్యా, ఇంక హార్మోనియం వాయించవా?" అని మాత్రం అడిగాడు. నాకు నోట మాట రాలేదు. డోలక్ గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయాడు.

చివరికి నలుగురం మిగిలాం. ముందే రికార్డు చేసిన ట్రాకులొచ్చాక ఆ నలుగురితోనూ పని లేకపోయింది.

ప్యాడ్ మంచుకి మెత్తబడదు కదా. స్టేజీ వెనక మంట వెయ్యడం అది వచ్చిన ఏడుతోనే ఆగిపోయింది.

ఒరే నాన్నా, అటక మీద గోనెసంచుల వెనకాల ఎర్రగుడ్డ మూట ఉంటుంది. మెల్లిగా దించుకురా. నిప్పులు ఆరకముందే ఓసారి కాచి చూద్దాం.