వాద్యమును దిద్దుటయా, వాద్యమును వ్రాయుటయా

నాటకముల హార్మోనియమును మరమ్మతు చేయువారి పని పెద్దలెఱుగుదురు. ఇత్తడి రీడును కొనయొద్ద గీకినచో స్వరము హెచ్చును. మొదటియొద్ద గీకినచో తగ్గును. ఎంత నేర్పుతో గీకినను శ్రుతి కుదురునది ఆ యొక్క పెట్టెకే. ప్రక్కయూరి పెట్టె యెప్పటివలెనే యుండును. విద్యుత్తుతో పలుకు వాద్యముల చరిత్రమందును ఈ చిక్కే కానవచ్చుచున్నది.

జపానుదేశపు రోలండు సంస్థవారు 1981లో టీబీ-303 అను చిన్న పెట్టెను వెలువరించిరి. అది బేసు గిటారునకు బదులుగా నుపయోగపడవలెనని వారి యూహ. గిటారువలె నది పలుకలేదు. 1984లో తయారీయే నిలిచిపోయెను. అయినను 1982లోనే బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఆ పెట్టెను మఱి రెండు యంత్రములతో జతపఱచి పది రాగములు పలికించి రికార్డు వెలువరించెను. అందు భూపాలి మన మోహన. మాల్కౌంస్ మన హిందోళము. ఆనాడు దానిని చెవినిడినవారు స్వల్పము. 1987లో చికాగో యువకులు కొందఱు నాబులను విపరీతముగా త్రిప్పి తీసిన వింతధ్వని ప్రసిద్ధి కెక్కిన పిదప పాతపెట్టెలకు గిరాకి పుట్టెను. ఆస్ట్రేలియాలో రాబిన్ విటిల్ 1993 మొదలు అట్టి పెట్టెలను విప్పి, లోపలి విద్యున్మార్గములను మార్చి, క్రొత్త నాబుల నమర్చి, ‘డెవిల్ ఫిష్’ అను పేర దిద్దసాగెను. మెచ్చదగిన పనితనమే! కాని తయారీ నిలిచిన వస్తువును ఎన్నింటినని దిద్దగలరు?

వేఱొక త్రోవ 1957లోనే తెఱువబడినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరునకు ఆదేశములు వ్రాసియిచ్చి 17 సెకండ్ల గీతమును పలికించెను. ఇచ్చట వాద్యమనగా కొయ్యయు లోహమును గాదు, వ్రాత. వ్రాత గనుక చావులేదని తలపరాదు. బారీ వెర్కో యను విద్వాంసుడు ఐబీఎం 360 యంత్రమునకై మ్యూజిక్ 360ని, పీడీపీ-11 యంత్రమునకై మ్యూజిక్ 11ను రచించెను. ఆ యంత్రములు మూలబడగా వానినే నమ్ముకొన్న వ్రాతలును మూలబడినవి. కావుననే 1986లో ఎం.ఐ.టి. విద్యాలయమున ఆయన సీసౌండును ‘సీ’ అను భాషలో, యంత్రమునుండి యంత్రమునకు తరలింపదగునట్లు రచించెను. దాని మూలమును చదువుటకు, దిద్దుటకు, ప్రతులు పంచుటకు అందఱకు హక్కిచ్చు అనుమతిపత్రము తరువాత చేకూరినది. తాటాకు శిథిలము గాకమున్నే ప్రతి వ్రాసికొన్న గ్రంథములే గదా మనకు దక్కినవి!

నా మట్టుకు వ్రాతవైపే మొగ్గు. అయినను చికాగోవారికి దొరకిన ధ్వని యే యాదేశపత్రమునను ముందుగా వ్రాయబడలేదు. నాబు త్రిప్పు వ్రేళ్లకే అది చిక్కెను. చరణ్‌జిత్ సింగ్ రికార్డు 2010లో మరల విడుదలయై దేశదేశములందు వినబడెను. ఆయన 2015లో మరణించెను. అప్పటికే ఆ చిన్న పెట్టె గొంతును కంప్యూటరుపై ననుకరించు వ్రాతలు పెక్కు వెలసియుండెను.