ఒడ్డు మీదికి లాగే బలం: నడిగడ్డలో పుట్టి నుంచి వించ్ దాకా

గద్వాల జిల్లాలోని వడ్డేపల్లికి దక్షిణాన తుంగభద్ర, ఉత్తరాన కృష్ణ. ఈ రెండు నదుల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని జనం నడిగడ్డ అంటారు. తూర్పున కూడవెల్లి దగ్గర రెండు నదులూ కలిసిపోతాయి కాబట్టి, పడమరన రాయచూరు వైపు తప్ప మిగతా మూడు దిక్కులా ఏరు దాటకుండా బయటికి పోయే దారి లేదు. కర్నూలు సంతకు పోవాలన్నా, వనపర్తి వైపు చుట్టాల ఇంటికి పోవాలన్నా వంతెనలు పడేదాకా నీటి ప్రయాణమే. ఆ ప్రయాణంలో ఏరు దాటడం ఒక పని. దాటిన పడవను ఒడ్డు మీదికి చేర్చి, మళ్లీ నీళ్లలోకి దించడం రెండో పని. మొదటి దాని గురించి చాలామంది రాశారు. రెండో దాని చరిత్ర పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గాని, ఈ నేల మీద ఏ పడవ నిలిచింది, ఏది నిలవలేదు అన్నది తేల్చింది అదే.

నడిగడ్డ నదుల్లో నిలిచిన పడవ పుట్టి. ఇరవై తూముల ధాన్యపు కొలతకూ పుట్టి అనే పేరు. ఈ పడవ కూడా చూడటానికి గింజలు పోసుకునే పెద్ద గంపలాగే ఉంటుంది. వెదురు బద్దలను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అల్లి గుండ్రంగా మలుస్తారు. అంచుకు దట్టంగా బద్దలు చుట్టి బిగిస్తారు. పూర్వం దాని అడుగున పశువుల తోలు కుట్టేవారు. తర్వాత గుడ్డ, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టా. పట్టా మీద తారు కాచి పూస్తారు. తారు వేడిగా ఉన్నప్పుడే అల్లిక సందుల్లోకి దిగేలా రుద్దాలి. ఆరాక ఎక్కడైనా చిన్న బుడగ కనిపిస్తే దాన్ని చిదిమి మళ్లీ పూస్తారు. నీళ్లు లోపలికి వచ్చేది అక్కడి నుంచే.

క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇదే తుంగభద్ర మీద, ఎగువన ఆనెగొంది రేవులో, ఈ పడవలను చూశాడు. గంపల్లా గుండ్రంగా, పైన తోలు కప్పి ఉంటాయనీ, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటిస్తాయనీ, తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూ పోతాయనీ రాశాడు. తోలు పోయి తారు వచ్చింది తప్ప, ఈ అయిదు వందల ఏళ్లలో ఆ వర్ణనలో మార్చాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఇంత కాలం పుట్టి మారకపోవడానికి కారణం నది అడుగు. కృష్ణా తుంగభద్రలు ఇక్కడ బండల మీద పారతాయి. ఎండాకాలం మడుగులు, పాయలుగా చీలిపోతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్క రాత్రిలో ఒడ్డు మారిపోయేంత వరద. అడుగున దూలం ఉన్న చెక్క పడవ బండకు తగిలితే పగులుతుంది. పుట్టి జారిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది బరువు. మామూలు చేపల పుట్టిని ఒక్క మనిషి తలకిందులుగా వీపున వేసుకుని ఒడ్డెక్కగలడు. దూరం నుంచి చూస్తే రెండు కాళ్లున్న నల్లని తాబేలు గట్టెక్కుతున్నట్టు ఉంటుంది. పాయ దగ్గర దింపి, దాటి, మళ్లీ మోసుకుని తర్వాతి పాయకు పోవచ్చు. రాత్రి ఇంటి ముందు బోర్లించుకోవచ్చు. వరద వచ్చినా కొట్టుకుపోదు. లాగే పనే లేకుండా చేయడం ఈ పడవ గొప్పతనం. కృష్ణ మధ్యలో లంక మీద ఉన్న గుర్రంగడ్డ ఊరివాళ్లకూ, మక్తల్ వైపు నుంచి కురువాపురం శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రానికి పోయే భక్తులకూ ఇటీవలి కాలం దాకా దారి చూపింది పుట్టే.

లాగే విద్య ఈ ప్రాంతానికి తెలియక కాదు. అది నది ఒడ్డున గాక బావి ఒడ్డున పెరిగింది. పాలమూరు పల్లెల్లో కరెంటు మోటార్లు రాకముందు పొలం తడిపింది మోట. బావి గట్టు మీద రెండు దూలాలు, వాటి నడుమ గిరక, గిరక మీదుగా మోకు, మోకు చివర బొక్కెన. ఎద్దులు నడిచే బాటను బావి నుంచి దూరం పోయేకొద్దీ కిందికి వాలేలా తవ్వేవారు. ఎద్దులు దిగుడులో నడుస్తాయి కాబట్టి వాటి బరువు కూడా లాగుడులో కలుస్తుంది. మోట కొట్టేవాడు మోకు మీద కూర్చుంటే అతని బరువూ తోడవుతుంది. బరువును తాడుకు కట్టి, గిరక మీదుగా దిశ మార్చి, వాలును తన వైపు తిప్పుకోవడం అన్న మూడు సూత్రాలూ అక్కడ ఉన్నాయి. పడవను ట్రైలర్ మీదికి ఎక్కించే వించ్‌లో అదనంగా ఉన్నవి పళ్ల చక్రాలూ, తాడు చుట్టుకునే డ్రమ్మూ, వెనక్కి జారనివ్వని నాలుకా మాత్రమే.

బరువైన పడవలను ఈ వైపు తెచ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. వడ్డేపల్లి మండలంలో 2016 దాకా భాగంగా ఉన్న రాజోలికి ఎదురుగా సుంకేసుల ఆనకట్ట ఉంది. సుంకేసుల నుంచి కడప దాకా 1863, 1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కర్నూలు-కడప (కె.సి.) కాలువ తవ్వింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆలోచనలో అది సాగునీటి కాలువే కాదు, సరుకుల పడవలు తిరిగే జలమార్గం కూడా. అందుకే దానికి లాకులు కట్టారు. కర్నూలు దగ్గర హంద్రీ నది మీదుగా కాలువను దాటించారు. కాలువ గట్టు చదునుగా ఉంటుంది, నీటి మట్టం ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి గట్టు మీద నడుస్తూ తాడుతో లాగితే బరువైన పడవ కూడా కదులుతుంది. కాని ఆశించిన సరుకు రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1933 నాటికి పడవలు ఆగిపోయి సాగుకే మిగిలింది. నది మాత్రం ఆ డెబ్బై ఏళ్లూ పుట్టిదే.

ఏటి స్వభావాన్నే మార్చింది శ్రీశైలం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాములో 1980ల మొదట్లో నీళ్లు నిలిచాక కొల్లాపూర్, అలంపూర్ తాలూకాల ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి నిలబెట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లూ మెరక నేలకు మారాయి. ఎగువన 1990ల్లో జూరాల నిండింది. బండల మీద పారే ఏరు పోయి, గాలికి అలలు లేచే మైళ్ల వెడల్పు జలాశయం వచ్చింది. అంత నీటి మీద జనాన్ని దాటించడానికి పుట్టి చాలదు. ఇంజను పడవలు వచ్చాయి, వాటితో ప్రమాదాలూ వచ్చాయి. 2007 జనవరిలో సోమశిల రేవు దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. అక్కడ వంతెన కావాలన్న పాత మొరకు ఆ చావులు బలమయ్యాయి. 2022లో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్ల రూపాయల తీగల వంతెనకు ఆమోదం తెలిపింది.

ఇంజను పడవతోనే లాగుడు ప్రశ్న మొదటిసారి నిజంగా ఎదురైంది. ఫైబర్ పడవ, ఇంజను, డీజిలు కలిపితే అయిదారు వందల కిలోలు. ఎవరి వీపూ మోయదు. పైగా జలాశయపు ఒడ్డు ఒకచోట నిలవదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలానికి నీరు పదుల అడుగులు దిగిపోతుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే సంగమేశ్వరం గుడి (అలంపూర్‌కు తరలించినది కాదు, వేరే గుడి) బయటపడుతుంది. నిన్నటి రేవు ఇవాళ బురద మైదానం. సముద్రపు రేవుల్లోలా గట్టున స్తంభం పాతి దానికి లాగుడు యంత్రం బిగిస్తే, అది నాలుగు నెలలు నీళ్ల కింద, మిగతా నెలలు నీటికి ఆమడ దూరంలో ఉంటుంది. అందుకే ఇక్కడ పడవతో పాటు కదిలే ట్రైలరూ, దాని ముందు కొమ్ముకు బిగించిన వించూ సరిపోతాయి.

ఎంత వించ్ కావాలన్నది ఒడ్డు వాలు, పడవ బరువు, ట్రైలర్ మీది ఆనికలు చెబుతాయి. 600 కిలోల పడవను ఆరు అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద లాగాలంటే వాలుకే 100 కిలోల లాగుడు పోతుంది. రబ్బరు రోలర్ల మీద జారితే రాపిడికి ఇంకో 60 కిలోలు. చెక్క పట్టీల మీద ఈడిస్తే దాదాపు 180. అంటే ఒకే పడవకు ఒక ట్రైలర్ మీద 160, ఇంకో దాని మీద 280. అడుగు భాగం బురదలో పీల్చుకుపోతే ఈ లెక్క రెట్టింపు కావచ్చు. నడిగడ్డ నల్లరేగడి తడిస్తే ఎంత గట్టిగా పట్టుకుంటుందో అక్కడ బండి తోలినవాళ్లకు చెప్పనక్కరలేదు. కాబట్టి 600 కిలోల పడవకు అంతే రేటింగు ఉన్న వించ్ తీసుకోవడం దుబారా కాదు.

ఆ రేటింగును ఎలా చదవాలో తెలియకే చాలామంది మోసపోతారు. డ్రమ్ము మీద మొదటి చుట్టు ఉన్నప్పటి బలాన్నే డబ్బా మీద రాస్తారు. డ్రమ్ము వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు, పిడి పొడవు 24 సెంటీమీటర్లు, పళ్ల చక్రాల నిష్పత్తి నాలుగు అనుకుంటే, చేతి బలం 48 రెట్లవుతుంది. 10 కిలోల బలంతో తిప్పితే 480 కిలోలు రావాలి. పళ్ల రాపిడికి మూడో వంతు పోగా 320 మిగులుతుంది. లాగే పట్టీ చుట్టుకుని చుట్టుకుని డ్రమ్ము వ్యాసార్ధం 4 సెంటీమీటర్లయితే అదే చేతికి వచ్చేది 160. ఇందులో ఒక ఇబ్బంది దాగి ఉంది. లాగుడు మొదలైనప్పుడు పడవ సగం నీళ్లలో తేలుతూ తేలిగ్గా ఉంటుంది, అప్పుడు డ్రమ్ము ఖాళీ, బలం ఎక్కువ. పడవ బరువంతా ట్రైలర్ మీద పడే చివరి రెండు గజాల దగ్గర డ్రమ్ము నిండిపోయి బలం సగమవుతుంది. అందుకే అవసరమైన దానికంటే పొడుగు పట్టీ చుట్టి పెట్టుకోకూడదు. నిండిన డ్రమ్ము మీద ఎంత లాగుతుందో చూసుకునే కొనాలి.

ఉక్కు తీగ, నైలాన్ పట్టీ, తాడు అన్న మూడింటిలో చేపల వృత్తివారికి పట్టీ నయం. ఉక్కు తీగలో ఒక పోగు తెగితే ముల్లులా లేచి అరచేతిని చీరేస్తుంది; మొత్తం తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. పట్టీకి ఎండ శత్రువు. అంచున కుట్టు పోతున్నా, రంగు వెలిసి పెళుసెక్కినా మార్చాలి. ఏది లాగుతున్నా తాడుకు నేరుగా ఎదురుగా మనిషి నిలబడకూడదు; ఆ జాగ్రత్త మోట కాలం నాటిదే.

మామూలు చేతి వించ్‌లో నాలుక ఎత్తగానే పడవ బరువుకు పిడి గిర్రున తిరిగి ముంజేతిని విరగ్గొట్టగలదు. బరువు మూడు వందల కిలోలు దాటితే, దించేటప్పుడు పిడి వదిలినా ఎక్కడిదక్కడ ఆగే బ్రేకు వించే తీసుకోవాలి. పన్నెండు వోల్టుల కరెంటు వించ్ చేతి శ్రమ తప్పిస్తుంది గాని, లాగుతున్నంత సేపూ బ్యాటరీ నుంచి పదుల ఆంపియర్లు గుంజుతుంది. వరద సహాయానికి పోయే పడవకు చేతి పిడి కూడా ఉన్నదే మేలు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఉప్పొంగి రాజోలి ఇళ్లను కూల్చి, మగ్గాలను ముంచి, కర్నూలు నగరంలోకి చొరబడ్డప్పుడు బ్యాటరీలు నింపుకునే కరెంటూ పోయింది.

పడవ ఎక్కాక వించ్ పని అయిపోతుంది. కొల్లాపూర్ నుంచి సోమశిలకు దిగే దారిలోనైనా, గద్వాల గతుకుల మీదనైనా పడవను పట్టి ఉంచాల్సింది వించ్ పట్టీ కాదు. ముందు కొక్కేనికి వేరుగా గొలుసు, వెనుక రెండు వైపులా ట్రైలర్ చట్రానికి బిగించిన పట్టీలు ఉండాలి. నాలుక మీద భారం పడకుండా ఆ గొలుసు బిగించాకే బండి కదపాలి.