ప్రోగ్రాములలో పిలుపుల జాడ

ఒక గణితగ్రంథములో ఒక సూత్రమును సవరింపవలసి వచ్చినదనుకొనుడు. దానిపై ఆధారపడిన లెక్కలు ఏ పుటలలో ఉన్నవో తెలియక సవరించినచో గ్రంథమంతయు తప్పులతడక యగును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చిక్కు నిత్యము ఎదురగుచుండును.

ఒక పనికి వలయు ఆదేశములను ఒకచోట వ్రాసి, పేరుపెట్టి, అవసరమైనప్పుడెల్ల ఆ పేరుతో పిలుచుకొందురు. దీనినే ఫంక్షను అందురు. దీనికి మూలమైన పద్ధతిని, 1949లో కేంబ్రిడ్జిలో పనిచేయ నారంభించిన ఎడ్‌సాక్ యంత్రమునకై డేవిడ్ వీలర్ రూపొందించెను. పని ముగియగానే పిలిచినచోటికే తిరిగిపోవుట అందలి విశేషము. అయితే యంత్రమునకు తెలియునది అప్పటి పిలుపు ఒక్కటియే. పిలుపులన్నిటి పట్టికను మనమే సిద్ధపరచుకొనవలెను.

ఇందుకు తోడ్పడిన తొలి సాధనములలో గ్రెప్ ఒకటి. అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ వ్రాసిన ఈ ఆజ్ఞ, 1973 నవంబరు నాటి యూనిక్స్ 4వ కూర్పు కరదీపికలో కలదు. ఇచ్చిన మాట గల పంక్తులన్నిటిని ఇది చూపును. కాని ఇది అక్షరములనే గాని అర్థమును చూడదు. “కొలత” అను ఫంక్షనుకై వెదకినచో “నేలకొలత” అను వేరొక పేరును, వ్యాఖ్యలలోని మాటను గూడ చూపును. ఆ పంక్తి ఏ ఫంక్షనులోనిదో చెప్పదు.

ఈ లోపమును తీర్చినది సీస్కోప్. పి.డి.పి.-11 యంత్రముల కాలమున అదే పరిశోధనశాలలో జో స్టెఫెన్ దీనిని వ్రాసెను. ఇది సీ భాషలోని ప్రోగ్రామును చదివి, పుస్తకము చివరి పదసూచిక వంటి పట్టికను తయారుచేసి దాచును. ఇందలి ప్రశ్నలకు 0 మొదలు సంఖ్యలు కలవు. 3వ సంఖ్యతో ఫంక్షను పేరు నిచ్చినచో, దానిని పిలుచు ఫంక్షనుల పేర్లు, ఫైలు పేరు, పంక్తి సంఖ్య తెలుపును. 2000 ఏప్రిలులో ఇది ఎల్లరకు ఉచితముగా లభ్యమైనది.

దీనికిని ఒక హద్దు కలదు. ఫంక్షను చిరునామాను ఒక చలరాశిలో ఉంచి, దాని ద్వారా పిలుచుట సీ భాషలో సాధ్యమే. అట్టి పిలుపులో ఫంక్షను పేరే కనబడదు. కావున పట్టికకును ఎక్కదు. అప్పుడు 0వ ప్రశ్నతో ఆ పేరు వాడబడిన చోట్లన్నియు చూడవలెను. “పిలుచువారు లేరు” అని సాధనము చెప్పినంత మాత్రమున ఆ ఫంక్షనును తొలగింపరాదు.